మారియో గొయ్యి, పోకర్ గొయ్యి

రాయదుర్గం మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ వింటున్నారా? పోకర్ కూడా వీడియో గేమ్ లాంటిదే, ఒక్కో లెవెలూ దాటుకుంటూ పోవడమే అంటారు మన హైటెక్ సిటీ కుర్రాళ్లు కొందరు. ఈ పోలిక సగమే నిజం. 1985 నాటి సూపర్ మారియోలో గొయ్యి ఎప్పుడూ అదే చోట ఉంటుంది. నాలుగుసార్లు పడ్డవాడు అయిదోసారి దూకేస్తాడు. పోకర్‌లో సరిగ్గా ఆడినవాడూ ఓడతాడు, తప్పుగా ఆడినవాడూ గెలుస్తాడు. ఆ గెలుపుతోనే చిక్కు, ఆట వచ్చేసిందనిపిస్తుంది! ఇక పై లెవెల్లో పెరిగేది పందెమే. మారియోలో పోయేది ప్రాణం మాత్రమే, అదీ మళ్లీ వస్తుంది.

ఇక చట్టం మాటకొస్తే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, మరో పేకాట అయిన రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి నిషేధ చట్టమే చేసింది. జీతం పడిన రోజు ఎవరైనా ఆన్‌లైన్ పందెం లింకు పంపితే తెరవకండి.