ఉత్తరీయంలో నేతగాని పాలు

దేవతార్చనలోని షోడశోపచారాలలో వస్త్ర సమర్పణ ఒకటి. స్నానానంతరం మూర్తికి వస్త్రాన్ని, యజ్ఞోపవీతాన్ని అర్పిస్తారు. గృహస్థుడు సైతం ఏకవస్త్రుడై కర్మ ఆచరించరాదని, భుజాన ఉత్తరీయం ఉండవలెనని పెద్దలు విధించారు. విజయవాడలో శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు కనకదుర్గమ్మకు రాష్ట్ర ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు సమర్పించడం ఆచారం. సామాన్య భక్తుడు శక్తికొలది ఒక కండువానో, రవికెగుడ్డనో తెస్తాడు. ఇక్కడ విచారించదగిన ధర్మసూక్ష్మం ఒకటి ఉన్నది. ఆ వస్త్రానికి పవిత్రత దేనివలన కలుగుతుంది? జరీ వలననా? వెల వలననా? లేక దానిని నేసిన తీరు, కొన్న తీరు వలననా?

కృష్ణ దాటి దక్షిణానికి వెళితే మంగళగిరి. నృసింహక్షేత్రంగా ఎంత ప్రసిద్ధమో, నిజాం అంచు నేతకు కూడా ఆ ఊరు అంత ప్రసిద్ధం. అక్కడ ఒక ఉత్తరీయం పుట్టడం వెనుక ఒక కుటుంబమంతటి శ్రమ ఉంటుంది. నూలు చిలపలకు రంగు వేసి ఆరబెట్టాలి. ఆసు పోసి, పడుగు సాగదీసి, గంజి పట్టించాలి. పోగుకు పోగు అతకాలి. ఇంటి ఆడవారు కండెలు చుట్టాలి. ఆపైన నేతగాడు గుంటమగ్గంలోకి కాళ్లు దించి కూర్చుని నాడె ఆడిస్తాడు. వానాకాలంలో గుంటలో నీరూరితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మజూరీ ఆగుతుంది. తమ మూలపురుషుడైన భావనాఋషి తామరతూటి నారతో దేవతలకు వస్త్రం నేశాడని పద్మశాలీయులు చెప్పుకుంటారు. వారికి నేత జీవనాధారమే కాదు, దేవకార్యం కూడా.

ఒక గృహస్థుడు స్వామికి కండువా కొనడానికి అంగడికి వెళ్లాడనుకుందాం. గట్టిగా బేరమాడి వెల తగ్గించుకున్నాడు. మిగిలిన సొమ్మును భక్తితో హుండీలో వేశాడు. ఆ సొమ్ము ఎవరిది? ఒకనాటికి అంగడివాడు తన లాభంలో కొంత వదులుకోవచ్చు. అవే బేరాలు నిత్యం సాగితే ఆ భారం పెట్టుబడిదారుపైకి, అక్కడినుండి నేతగాని మజూరీపైకి జారుతుంది. అందరికంటె కింద ఉన్నవానికి దానిని మరొకరిపైకి నెట్టే వీలు లేదు. అట్టి సొమ్ము హుండీలో పడినంత మాత్రాన దానమవుతుందా?

కొనేవాడూ పేదవాడే గదా, మరమగ్గపు గుడ్డ చౌక గదా అని ఒక ఆక్షేపణ. అది న్యాయమైనదే. మరమగ్గం ఎందరో పేదల ఒళ్లు కప్పింది. దానిని దూషించ పనిలేదు. మరమగ్గపు గుడ్డను చేనేత పేరుతో అమ్మడమే దోషం. 1985లో చేసిన చట్టం కింద కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించారు. అంగవస్త్రం, శాలువా, మఫ్లరు వాటిలోనివే. అయినా చట్టం అమ్మకందారును శిక్షించగలదే గాని, కొనేవాని మనస్సును దిద్దలేదు. ఇక పేద భక్తుని మాట. గీతాచార్యుడు ఆకును, పువ్వును, పండును, నీటిని పేర్కొన్నాడే గాని పట్టును పేర్కొనలేదు. వస్త్రమే తేవాలని స్వామి ఎవరినీ నిర్బంధించడు. న్యాయంగా తెచ్చిన తులసిదళం అన్యాయంగా తెచ్చిన ఉత్తరీయం కంటె బరువైనది.

ఈ గడ్డకు ఈ విచారం కొత్తది కాదు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం దేశమంతటా ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో గాంధీమహాత్ముడు మధురలో పైబట్టలు విడిచి కొల్లాయి ధరించాడు. ఒకరి భుజానికీ మరొకరి చేతికీ ఉన్న సంబంధం తెలిసినవాడు కనుకనే ఆయనకది సాధ్యమైంది.

ఈ ప్రశ్నకు మంగళగిరి కొండమీది స్వామి ఏనాడో సమాధానం చెప్పాడు. భక్తుడు తెచ్చిన పానకం బిందెడైనా, చెంబెడైనా పానకాలస్వామి సగమే స్వీకరించి, తక్కిన సగాన్ని ప్రసాదంగా విడిచిపెడతాడని భక్తుల విశ్వాసం. సర్వమూ తనదే అయినవాడు సైతం ఎదుటివాని పాలు మిగిల్చాడు. ఆ కొండకింద నేసిన వస్త్రాన్ని కొనేవాడు నేతగాని పాలు మిగల్చకపోవడం తగునా?

సన్మానసభలలో పది చౌక శాలువాలు కప్పి, అవి బీరువాలో మూలుగుతుంటే చూసేకంటె, న్యాయమైన వెల ఇచ్చి ఒక్క చేనేత కండువా కప్పడం మేలు. స్వామి భుజాన నిలిచే ఉత్తరీయంలో పడుగు నేతగాని శ్రమ, పేక భక్తుని న్యాయం. రెండింటిలో ఏది తెగినా అది వస్త్రం కాదు.