మాల తీసిన మర్నాడు

కార్తీక మాసం వచ్చిందంటే ఊరూరా నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. ఏళ్ల తరబడి పొద్దుగూకితే మద్యం దుకాణం దారి పట్టిన మనిషి, మెడలో మాల పడ్డాక 41 రోజులు అటు కన్నెత్తి చూడడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారం తిరక్కుండానే కొందరు మళ్లీ అక్కడే తేలతారు. అది చూసి దీక్షంతా వేషమేనని తేల్చేసేవాళ్లున్నారు. ఆ తీర్పు తొందరపాటు. అన్ని రోజులు మానగలగడం అబద్ధం కాదు. ఎలా మానగలిగాడో తెలిస్తే, తర్వాత ఎందుకు నిలవలేకపోయాడో కూడా తెలుస్తుంది.

దీక్ష మనిషిని ఒట్టి మనోబలానికి వదిలేయదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేలమీద చాప. అన్నిటికన్నా కీలకం సాయంత్రం. ఇదివరకు కాళ్లు దుకాణం వైపు లాగిన ఏడు గంటల వేళకు ఇప్పుడు దీపారాధన ఉంది, ఎవరింట్లోనో పడిపూజ ఉంది, పక్కన తోటి స్వాములున్నారు. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్న స్నేహితుడు ‘స్వామీ’ అంటాడు, గ్లాసు అందించడానికి జంకుతాడు. ఇంట్లో పిల్లలకూ ఆయన స్వామే. మాల తీయగానే ఆ పిలుపూ ఆ తోడూ ఒక్కసారిగా పోతాయి. ఏడు గంటలు మాత్రం రోజూ అవుతూనే ఉంటాయి. పాత అలవాటు తిరిగొచ్చేది ఖాళీ అయిన ఆ వేళలోకే.

మరి 41 రోజుల్లో కొత్త అలవాటు ఎందుకు పాతుకుపోలేదు? పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసానికి పెట్టిన షరతులు మూడు: చాలాకాలం సాగాలి, ఎడతెగకూడదు, శ్రద్ధతో జరగాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా ఓపికే అవసరమంటుంది. కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది; వ్యక్తిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా లెక్క తేలింది. ఆ అధ్యయనంలోని అలవాట్లు రోజూ పండు తినడం, నడవడం వంటి చిన్న పనులు. తాగుడు వదలడం అంతకన్నా కష్టం. 41 రోజుల మండలం గట్టి ఆరంభమే కానీ అందరికీ అదే చాలదు.

మళ్లీ తాగినవాడి దీక్ష వృథాయే కదా అంటారా? భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడి సందేహం ఇలాంటిదే: యోగం మొదలుపెట్టి మధ్యలో జారినవాడి గతేమిటి? ఆ ప్రయత్నం నశించదనే కృష్ణుడు చెప్పాడు. పొగతాగేవారు ఆ అలవాటు మానే దశలను 1983లో వివరించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రొచాస్కా, డిక్లెమెంటే కూడా జారిపోవడాన్ని ఆ ప్రయాణంలో భాగంగానే చూశారు. ఇది తప్పును సమర్థించడం కాదు. జారినవాణ్ని వెలివేస్తే అతనికి మిగిలే తోడు దుకాణం ముందు కూర్చున్నవాళ్లే.

మరో మాట దాచకూడదు. ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివారు మాల వేసుకునే ముందే డాక్టరును కలవాలి. అది భక్తికి లోటు కాదు. ఇక గురుస్వాములకు నా విన్నపం ఒకటే. మాల తీసే రోజునే తర్వాతి భజన ఏ ఇంట్లోనో చెప్పి పంపండి. వారానికి ఒక సాయంత్రమైనా ఆ ఏడు గంటలకు అతన్ని పిలవండి, రాకపోతే ఇంటికి వెళ్లి పలకరించండి.