ఆత్మసంచారమూ, న్యాయమూ

దేహం ఒకచోట పడివుండగా ఆత్మ మరొకచోట తిరిగి రాగలదనే నమ్మకం మన దేశానికే పరిమితం కాదు. 13వ శతాబ్దపు ఐస్‌లాండు రచయిత స్నోరి స్టుర్లుసన్ ‘ఇంగ్లింగ సాగా’లో ఓడిన్‌ను గురించి ఇదే చెప్పాడు: శరీరం చచ్చినట్లు పడివుంటే, అతడు పక్షిగానో పాముగానో క్షణంలో దూరదేశాలకు పోయేవాడట. మనకు విక్రమార్కుని పరకాయ ప్రవేశం ఉంది. శంకరాచార్యులు అమరుక రాజు దేహంలో ప్రవేశించిన గాథ ఉంది.

కథలుగా వీటితో నాకు తగవు లేదు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందంటే బుర్రకథ వినేవాళ్లం అందరం సంతోషిస్తాం. కాని ఈ నమ్మకం కథను వదిలి రచ్చబండ ఎక్కితే ఏమవుతుంది? నా ప్రశ్న అదీ.

నింద పడ్డ మనిషికి మొదటి రక్షణ “ఆ వేళ నేనక్కడ లేను” అనే మాట. ఆత్మసంచారాన్ని ఒప్పుకున్న మరుక్షణం ఆ రక్షణ పోతుంది. “నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నిజమే. వచ్చింది నీ చేతబడి” అంటారు. దీనికి జవాబేది? అమెరికాలోని సేలంలో 1692లో నిందితుల ఛాయారూపాలు వచ్చి తమను హింసించాయని కొందరు చెప్పగా, న్యాయస్థానం దాన్ని సాక్ష్యంగా పుచ్చుకుంది. 19 మందిని ఉరితీశారు. 1693లో కొత్త న్యాయస్థానం అలాంటి సాక్ష్యాన్ని తోసిపుచ్చగానే చాలామంది బయటపడ్డారు. ఊరు అదే, జనం వాళ్లే. మారింది సాక్ష్యానికి కొలత మాత్రమే.

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలిందంటారు. చూపు దేహాన్ని విడిచిపోయి హాని చేస్తుందనడం కూడా ఆత్మసంచారంలో చిన్న రకమే గదా! మరి ఆ చూపు ఎవరిది? విధవది, గొడ్రాలిది. వడ్డీవ్యాపారి కన్ను తగిలిందని ఎవరూ అనరు. రాజులో మహిమ అనిపించుకున్న శక్తే పేదరాలిలో చిల్లంగి అవుతుంది. మంత్రం పలకకుండా చేయాలని తెలంగాణ పల్లెల్లో అనుమానితుల పళ్లు ఊడగొట్టిన ఉదంతాలున్నాయి.

1987-88లో మా పత్తిని తెల్లదోమ తినేసింది. పురుగుమందులు మితిమీరి కొట్టినకొద్దీ అది పెరిగింది. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప మీద నల్లతామర పురుగు పడింది. ఇవి అదృశ్యశక్తులు కావు. ఆకు తిప్పితే దోమ కనబడుతుంది. ప్రామిసరీ నోటు విప్పితే వడ్డీ కనబడుతుంది. ఎవరైనా చూడవచ్చు, కాదని వాదించవచ్చు.

“సైన్సుకు అందనివి లేవా?” అని కొందరు అడుగుతారు. ఉండవచ్చు. ఆత్మ ఉన్నదా లేదా అన్న చర్చ ఎంతకాలమైనా సాగనివ్వండి. అది తేలేవరకు న్యాయం ఆగనక్కరలేదు. నిందితుడు ఏ విధంగానూ ఖండించలేని ఆరోపణ అసలు ఆరోపణే కాదు. ఈ ఒక్క సూత్రం మన విద్యార్థులకు పట్టుబడితే, రేపు రచ్చబండ ముందు ఒంటరిగా నిలబడ్డ ముసలమ్మకు కనీసం ఒక సాక్షి దొరుకుతాడు.