రెంటిలో ఒకటి

ధ్యానభాగము: లూకా సువార్త 3:10, 11



కోతపండుగలో మనము వేలము పాడుదుము గదా. గుమ్మడికాయకు సంతలో రాని వెల మందిరములో వచ్చును. జర్మనీ దేశములో జరిగిన మరియొక వేలమును ఈ నెల ధ్యానింతము.

1955లో మెర్సిడెస్ బెంజ్ సంస్థవారు పందెముల కొరకు ఒక విధమైన కార్లను రెండింటినే చేసిరి. ఆ యేటనే వారు పందెములు మానుకొనిరి గనుక అవి ఏ పందెములోను పరుగెత్తలేదు. ఊలెన్‌హౌట్ అను ఇంజనీరు పేరిట పిలువబడు ఆ రెంటిని 67 ఏండ్లు భద్రముగా కాపాడిరి. 2022 మే 5న స్టట్‌గార్ట్ పట్టణములోని తమ ప్రదర్శనశాలలో ఒకదానిని వేలము వేయగా 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికెను. అంతవరకు వేలములో ఏ కారునకును అంత వెల రాలేదు. ఆ సొమ్మును యువజనుల చదువుకై నిధిగా ఉంచిరి.

రెండవది వారికి మిగిలెను గదా, ఇందులో త్యాగమేమి అని మనమడుగవచ్చును. నిజమే. అయితే బాప్తిస్మమిచ్చు యోహాను కూడ ఉన్న ఒక్క అంగీని అడుగలేదు, రెండవదానినే అడిగెను. మనకు కష్టముగా నున్నది అదియే. పెట్టెలోని రెండవ చీర, గాదెలోని మిగులు గింజలు, పిల్లలు చదివి ముగించిన పుస్తకములు రేపటికని దాచుదుము. రేపటికంటె ముందుగా చెదలు వచ్చును. ఆ కారు చెడకముందే చేయి మారెను గనుక చదువుగా మారెను.

పుస్తకము లేని బిడ్డ, దుప్పటి లేని వృద్ధురాలు మన సంఘములోనే యున్నారు. వారి పేళ్లు మనకు తెలియును. ఈ నెల ప్రతి గృహమువారమును మన రెండవదానిని వెదకి, అది పాడుకాకముందే వారి యింటికి చేర్చుదము. ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.