ప్రేమయు విధేయతయు

యోహాను సువార్త 14వ అధ్యాయమున యేసు తన శిష్యులతో కడపటి రాత్రి చెప్పిన మాట యొకటి కలదు. తనయందు ప్రేమ గలవారు తన యాజ్ఞలను గైకొందురని దాని భావము. దీనిని జనులు రెండు విధములుగా గ్రహించుట మేము చూచియున్నాము. ఆజ్ఞ నెరవేర్చినచో ప్రేమ రుజువైనది, లెక్క తీరినది అని కొందఱు తలంతురు. హృదయము కరగి కన్నులు చెమర్చినచో అంతయు నయినది, ఆజ్ఞల విచారము సేవకులకేగాని ప్రియులకు లేదని మఱికొందఱు తలంతురు. మొదటివారికి దేవుడు యజమానుడు. రెండవవారికి తమలోని యొక మధురానుభవము. ఇరువురును ఆ మాటలో సగమే విన్నారని మాకు తోచుచున్నది.

మొదటి పొరపాటును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱ లేదు. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవాడు ఏనాడును తండ్రి మాట దాటినవాడు కాడు. అయినను తమ్ముడు తిరిగివచ్చి యింట విందు జరుగుచుండగా వాడు లోనికి పోనొల్లక, తాను చేసిన చాకిరి యేండ్లను తండ్రికి లెక్కచెప్పెను. తండ్రి పొలములోని పని యంతయు నేర్చినవానికి తండ్రి మనస్సు తెలియలేదు. ఇట్టి విధేయతయొక్క కాఠిన్యము ఎవరికైనను కనబడును. రెండవ పొరపాటు మధురమైనది, కావున కనబడదు. దానిని ఒక మనుష్యుని జీవితమునందు చూతము.

జాన్ న్యూటను అను ఇంగ్లీషు నావికుడు 1748వ సంవత్సరము మార్చి నెలలో అట్లాంటికు సముద్రముమీద ఘోరమైన తుపానులో చిక్కుకొనెను. ఓడ బ్రద్దలై నీరు లోనికి వచ్చుచుండగా, అంతవఱకు దైవదూషణమే వేడుకగా నుండిన యాతని నోట దేవుని కరుణను వేడు మాట వెలువడెను. ఆ దినమును అతడు జీవితాంతము ప్రార్థనతో స్మరించుకొనెను.

ఇంతటితో ఆతని బ్రతుకు మాఱియుండునని చదువరులు తలంతురు. ప్రార్థన మాఱెను, పుస్తకములు మాఱెను, నోటి మాట మాఱెను, వృత్తి మాఱలేదు. 1750 మొదలు 1754 వఱకు అతడు బానిసల యోడలకు కప్తానై మూడు ప్రయాణములు చేసెను. ఆఫ్రికా తీరమున మనుష్యులను కొని, సంకెళ్లు తగిలించి, ఓడ యడుగున క్రిక్కిఱియ పరుండబెట్టి, సముద్రముదాటించి అమ్మించెను. ఆ యోడమీదనే ఆదివారములందు నావికులను సమకూర్చి దైవారాధనము జరిపెను. పలకమీద స్తోత్రము, పలకక్రింద గొలుసుల చప్పుడు. నడుమ నున్నది కొన్ని అంగుళముల కొయ్య!

న్యూటను కపటి యని మేము తలంపము. అట్లు తలంచినచో ఈ కథవలన మనకు కలుగు లాభము లేదు. కపటులు కాని మనము సుఖముగా నిద్రపోవచ్చును. ఆతని ప్రేమ నిజమైనది. తాను చెరసాల కావలివానివంటివాడనని ఆ కాలమున తనకు తోచుచుండెననియు, ఇంతకంటె దయగల వృత్తి నిమ్మని దేవుని వేడుకొంటిననియు అతడే 1764లో ప్రకటించిన స్వీయకథలో వ్రాసికొనెను. ప్రేమ ఆతని తలుపు తట్టినది. కాని అతడడిగినది వేఱొక యుద్యోగమునేకాని, ఇప్పుడు తాను చేయుచున్నదానిని గూర్చి ఆజ్ఞ యేమని కాదు. పొరుగువానిని తనవలె ప్రేమింపవలెనను వాక్యము ఆతనికి కంఠస్థమే. ఆ పొరుగువాడు తన పాదముల క్రిందనే యున్నాడని మాత్రము తోచలేదు. తుదకు 1754లో అతడు సముద్రమును విడిచినది దేహము జబ్బుపడుటచేతనే కాని మనస్సాక్షి బాధించుటచేత కాదు.

తరువాత నతడు ఓల్నీ గ్రామమున మతాచార్యుడయ్యెను. లోకప్రసిద్ధమైన ‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తన 1773 జనవరి 1వ తేది ప్రసంగము కొఱకు వ్రాయబడినది. బానిస వ్యాపారమును ఖండించుచు అతడు చిన్న పుస్తకము ప్రకటించినది 1788లో. అనగా కీర్తనకు 15 ఏండ్ల తరువాత, ఓడ విడిచిన 34 ఏండ్లకు. అందు తన్ను దాచుకొనలేదు. ఆ వ్యాపారములో నున్నంతకాలము అది తప్పను శంకయే తనకు కలుగలేదనియు, ఈ యొప్పుకోలు ఆలస్యమయినదనియు సిగ్గుతో చెప్పెను. వృద్ధుడయ్యు ప్రీవీ కౌన్సిలు నెదుటను, 1790లో పార్లమెంటు సంఘము నెదుటను సాక్ష్యమిచ్చెను. ఆ వ్యాపారమును నిషేధించు శాసనము 1807 మార్చిలో పుట్టెను. ఆ డిసెంబరులో నతడు మరణించెను.

కన్నీరు గల హృదయమునకు కన్ను తెఱచుటకు ఇన్ని యేండ్లేల పట్టెను? మేమాలోచించినకొలది ఒక్కటియే తోచుచున్నది. అతడు దేవునికి మనస్సు నిచ్చెను, ఆదివారము నిచ్చెను, నాలుక నిచ్చెను. జీవనోపాధి నడుగుటకు మాత్రము దేవునికి తావియ్యలేదు. నాటి పెద్దమనుష్యులలో ఆ వ్యాపారము గౌరవమైనదే, అడుగువారెవ్వరు? దేవుని చిత్తము చేయగోరువానికే ఉపదేశము తెలియునని యేసు మఱియొకచోట చెప్పుటకు కారణ మిదియే కావచ్చును. తెలిసికొని చేయుదమని మనము కూర్చుందుము. చేయబూనినగాని తెలియనివి కొన్ని కలవు.

సువార్త చివర పేతురును యేసు ముమ్మాఱు ప్రశ్నించెను. నాకు లోబడుదువా యని అడుగలేదు, నన్ను ప్రేమించుచున్నావా యనియే అడిగెను. పేతురు అవునన్న ప్రతిసారియు మందను మేపు పని నొప్పగించెను. ప్రేమను ప్రేమగానే అడిగి, దానిని చేతులలోనికి దింపినాడు.

న్యూటనుకు సమకాలికుడు, న్యూజెర్సీ వాసి, జాన్ ఊల్మను అను క్వేకరు ఒకడుండెను. ఇతడు యౌవనమున ఒక దుకాణములో గుమాస్తాగా నుండగా, యజమానుడు తన బానిస స్త్రీని అమ్మి, విక్రయపు దస్తావేజు వ్రాయుమనెను. కొన్నవాడు ఎదుటనే నిలిచియున్నాడు. అతడును తమ సంఘములోని వృద్ధుడే. ఊల్మను కలము పట్టి వ్రాసెను. ఈ విషయమున నితడును న్యూటనువలె తప్పినవాడే. కాని వ్రాయుచునే బాధపడి, బానిసలను ఉంచుకొనుట క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు ఆ యిరువురి యెదుటనే పలికెను. మఱల నొకడు అట్టి దస్తావేజు వ్రాయుమని వచ్చినపుడు వ్రాయనని మృదువుగా చెప్పెను. అంతియే! ఆ చిన్న నిరాకరణముతో ఆతని కన్ను తెఱచుకొనెను. బానిసత్వమునకు ఎదురుగా నితని మొదటి పుస్తకము వెలువడినది 1754లో, న్యూటను ఓడ విడిచిన సంవత్సరముననే. బానిసలుగల యిండ్లలో అతిథిగా నుండవలసివచ్చినపుడు వారి సేవకు మూల్య మిచ్చి కదలెను. ఫిలడెల్ఫియా క్వేకరు సభ బానిసలను కొనువారిని, అమ్మువారిని 1758లో సంఘకార్యములనుండి తొలగించెను. 1776లో బానిసల నుంచుకొనువారినే సంఘమునుండి వెలివేయ నిశ్చయించెను.

అప్పటికి ఊల్మను లేడు. 1772లో నతడు ఇంగ్లాండునకు పోయెను. ఓడలో అలంకారములుగల గదిని వలదని, నావికులతోగూడ ఇఱుకు తావున ప్రయాణము చేసెను. అచ్చట బండ్లను వేగముగా తోలుటచేత గుఱ్ఱములు చచ్చుచుండుటయు, తపాలా తోలు బాలురు చలిలో బాధపడుచుండుటయు విని, బండి యెక్కక కాలినడకనే ఊరూరు తిరిగెను. అనవసరముగా తపాలాలో ఉత్తరములు పంపవలదని స్నేహితులనుకూడ హెచ్చరించెను. ఇంతదూరము పోవలెనా యని మనలో కొందఱు నవ్వవచ్చును. ఆతని ప్రతి నిష్ఠను సమర్థింప మేమును పూనుకొనము. భార్యయు కుమార్తెయు సముద్రమున కావలనుండగా, ఆ యక్టోబరులో యార్కు నగరమున నతడు మశూచికముచేత మరణించెను.