ఇవ్వకుండా ఉండే హక్కు

బీదవాళ్ల మధ్య పనిచేసే క్రైస్తవ పరిచర్య పెరిగిందని దేన్ని చూసి చెప్పాలి? రోడ్డు మీద పోయేవాళ్లకు మందిరం కనిపిస్తుంది. జనగామ దాటి కాజీపేట వైపు వెళ్తే కరుణాపురంలో 2023లో తెరిచిన పెద్ద ప్రార్థనా మందిరం ఉంది. దాన్ని చూసిన ఎవరైనా ముందు అడిగేది ఎంత ఖర్చయింది, ఎందరు పడతారు అనే. ఇటు హైదరాబాదు వైపు వెళ్తే ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా ఏ బస్తీలో చూసినా రేకుల షెడ్డు మీద సిలువ, డాబా మీద లౌడ్ స్పీకరు. ఇక్కడ అడిగేది ఇవి ఎన్ని ఉన్నాయని. సంతోషించేవాళ్లూ ఈ లెక్కే చెప్తారు, భయపడేవాళ్లూ ఈ లెక్కే చెప్తారు. రెండు వర్గాల దగ్గరా ఉన్న కొలబద్ద ఒక్కటే కావడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. నాకు ఇంకో కొలత కావాలనిపించింది. అది దొరికింది మాత్రం చర్చిలో కాదు, మా మండలం చరిత్రలో.

నాది దేవరుప్పుల. కడవెండి మా మండలంలోనే ఉంది. అందుకే బీదవాడు ఇవ్వడం అన్న మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది గడీ. విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో ఇక్కడి పేదవాడు ఇవ్వని రోజంటూ లేదు. మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చాడు, కుమ్మరి కుండలిచ్చాడు, గొల్లకురుమలు గొర్రెలనిచ్చారు, చాకలి ఇంటిల్లిపాదీ చాకిరీ ఇచ్చింది. దొరసానమ్మ గడప దాకా కట్టెలు, కూరగాయలు, కోళ్లు నడిచి వెళ్లాయి. అంత ఇచ్చినా వాళ్లను దాతలని ఎవరూ అనలేదు. కాదనే దారి లేనివాడు ఇచ్చేది దానమెట్లా అవుతుంది? 1946 జూలై 4న కడవెండిలో వెట్టిని ఎదిరించిన సంఘం ఊరేగింపు మీద గడీ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత రాజుకున్న పోరాటాన్ని భూమి కోసం, కూలి కోసం జరిగినదిగా చదువుకుంటాం. నాకు మాత్రం దాని మొదటి డిమాండు ఇంకా చిన్నదిగా, ఇంకా లోతైనదిగా కనిపిస్తుంది. ఇవ్వను అని చెప్పగలగడం.

సరిగ్గా అదే వెట్టి కాలంలో, అదే నిజాం రాజ్యంలో, మాకు దూరం కాని డోర్నకల్‌లో ఇంకో రకం ఇవ్వడం మొదలైంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో ఆ రైల్వే జంక్షన్ దగ్గర డేరా వేసుకుని పని ప్రారంభించాడు. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. ఊరికి వెలుపల ఉండేవాళ్లు, రెండు పూటల తిండికి నమ్మకం లేనివాళ్లు. అటువంటివాళ్ల దగ్గర ఏం తీసుకుంటాం, విదేశాల నుంచి తెచ్చి పంచుదాం అనుకోవచ్చు. అప్పటి మిషన్లు చాలావరకు నడిచింది అట్లాగే. అజరయ్య అలా అనుకోలేదు. పేద సంఘమైనా తన ఖర్చు తాను మోయాలని పట్టుబట్టాడు, కానుక గురించి పుస్తకమే రాశాడు. వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసే అలవాటు ఆ పల్లెల ఆడవాళ్లది. గడీకి బియ్యం మోసిన ఇళ్లలోనే ఈ పిడికెడూ పక్కకు తీశారు. బియ్యం అవే. తేడా అంతా ఒకచోట ఉంది. ఈ పిడికెడు తీయకపోతే కొట్టేవాడు లేడు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో అజరయ్య చేసిన ప్రసంగం చాలామంది తెల్లదొరలకు నచ్చలేదంటారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహం కూడా ఇవ్వండి అన్నది దాని సారం. మిషనరీ బంగళాలో భారతీయ బోధకుడికి భోజనాల బల్ల దగ్గర చోటు దొరకకపోవడమే ఆయన ఫిర్యాదు. పిడికెడు బియ్యానికీ ఆ ఫిర్యాదుకూ సంబంధం ఉంది. ఎప్పుడూ తీసుకుంటూనే ఉండేవాణ్ణి ఎవరూ స్నేహితుడిగా చూడరు. వాడు కూడా ఒకసారి మనకు పెట్టగలగాలి, మనం తినగలగాలి. డోర్నకల్‌లో గోపురాలూ మండప స్తంభాలూ కలిపి కట్టిన కేథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. ఆ సంఘం పెరుగుదలకు అందరూ దాన్నే గుర్తుగా చూపిస్తారు. నేనైతే బియ్యం కుండను చూపిస్తాను.

ఇప్పుడు ఆ పల్లెల మనుషులు పట్నంలో ఉన్నారు. మా వైపు నుంచి వలస వెళ్లినవాళ్లకు వరంగల్ రోడ్డే దారి కనుక బోడుప్పల్, పీర్జాదిగూడ, ఉప్పల్ బస్తీల్లో మా మాట చాలా వినపడుతుంది. అడ్డా మీద నిలబడేవాళ్లు, అపార్టుమెంట్లలో పాచిపని చేసేవాళ్లు, వాచ్‌మన్ గదుల్లో సంసారాలు ఈడ్చేవాళ్లు. ఊళ్లో పేదరికం ఉన్నా పేరు ఉండేది. ఫలానావాళ్ల కోడలు, ఫలానావాళ్ల బిడ్డ అని పలకరించేవాళ్లు. పట్నం ఆ పేరు తీసేస్తుంది. జ్వరమొస్తే చేబదులు అడగడానికి గడప లేదు. మనిషి పోతే పాడె మోయడానికి నలుగురు లేరు, పాతిపెట్టడానికి జాగా లేదు. ఇంటి ప్రార్థన ఇక్కడే అడుగుపెడుతుంది. వారానికోసారి పది మంది ఒక గదిలో కూర్చుని పేరు పెట్టి ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు. ఆసుపత్రిలో ఎవరుంటారో, బిడ్డను ఏ స్కూల్లో వేయాలో, రేషన్ కార్డుకు ఎవర్ని కలవాలో అక్కడే తేలుతుంది. పట్టణ పరిచర్య ఎందుకు పెరిగిందని పెద్ద పెద్ద కుట్రలు వెతికేవాళ్లు ఒక్క శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వెనక కూర్చుంటే చాలు.

వరుసకు చిన్నమ్మ అయ్యే ఒకామె బోడుప్పల్ వైపు రేకుల ఇంట్లో కిరాయికుంటుంది. ఆమె వెళ్లే కూడికలో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సంచి తిరుగుతుంది, ఎవరి బియ్యం వాళ్లు పోస్తారు. ఆ వారం పని పోయినవాళ్ల ఇంటికో, మంచాన పడ్డవాళ్ల ఇంటికో అది చేరుతుంది. అది ఎవరికి పోతుందో తెలుసా అని అడిగాను. "నాకెర్కలేదు బిడ్డా. మొన్న మీ చిన్నాయిన కాలు ఇరిగినప్పుడు మా ఇంటికే వచ్చె" అంది. మరి ఒక వారం పోయకపోతే ఎవరైనా ఏమన్నా అంటారా అంటే ఆశ్చర్యపోయింది. "ఏమంటరు? లేకుంటే లేదు. సంచి పక్కామెకిచ్చి ప్రార్థన చేసుకుంట." నేను వెతుకుతున్న కొలత ఆమె మాటల్లో అట్లా అలవోకగా దొరికింది. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అని రెండు జట్లు అక్కడ లేవు. ఏ వారం ఎవరు ఏమవుతారో తెలియదు. ఇవ్వని వారం కూడా మనిషి విలువ తగ్గదు.

సేవ పేరుతో కాదనే స్వేచ్ఛ పోయిన చరిత్ర కూడా మన దగ్గరే ఉంది. పట్టణ పేదల మధ్య పనిచేయడానికే పుట్టిన సంస్థల్లో సాల్వేషన్ ఆర్మీది పెద్ద పేరు. విలియం బూత్ 1865లో లండన్ ఈస్ట్ ఎండ్ మురికివాడల్లో దాన్ని మొదలుపెట్టాడు. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరిగాడు. అంత వినయంతో వచ్చిన సంస్థే 1913 నాటికి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్ల సెటిల్‌మెంటుకు నిర్వాహకురాలైంది. ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్రవేసిన మనుషులను హాజరు పట్టీలో ఉంచి సంస్కరించే పని అది. బడి ఉంది, పొలం ఉంది, ప్రార్థన ఉంది, దాటి వెళ్లే వీలు మాత్రం లేదు. ఆ ముద్ర వేసిన చట్టం దేశమంతటా రద్దవడానికి 1952 దాకా పట్టింది. అక్కడ పనిచేసిన అధికారుల్లో మంచివాళ్లు లేరని నేను అనను. మంచివాళ్లు ఉన్నా సరే, వద్దనే వీలు లేనివాడికి చేసే సేవ కాపలాగా మారుతుందని అంటాను.

దీనికి ఎదురుగా ఒంగోలు ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకునేవాళ్లు దానికి ముందున్న విరామాన్ని మర్చిపోతారు. నా దృష్టిలో అసలు గొప్పతనం ఆ విరామానిదే. అన్నానికీ చేరికకూ మధ్య అంత ఎడం ఉంచినందువల్ల, ఎవరైనా తిని వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోగలిగేవారు.

తీసుకునేవాణ్ణి ఇచ్చేవాడిగా నిలబెట్టడం పల్లెల్లో సాధ్యం గానీ పట్నంలో కాదనుకుంటే, ఇటలీ వైపు చూడాలి. 19వ శతాబ్దం నడుమ ట్యూరిన్ నగరానికి పల్లెల నుంచి కుర్రాళ్లు తాపీపని కోసం వలస వచ్చేవారు, నేటి ఉప్పల్ అడ్డా మీద నిలబడే పిల్లల్లాగే. డాన్ బాస్కో అనే ఫాదర్ వాళ్లను చేరదీశాడు. 1850లో వాళ్లతోనే ఒక పరస్పర సహాయ సంఘం పెట్టించాడు. వారానికో చిన్న నాణెం ప్రతి కుర్రాడూ వేయాలి, జబ్బుపడితే అందులోంచి రోజుకింత అందుతుంది. అనాథ కుర్రాళ్లకు అన్నం పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో సంఘం పెట్టించి ఖజానా చేతికిచ్చినవాళ్లు తక్కువ. ఆయన స్థాపించిన సలేషియన్ సభవాళ్లే 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు, రైల్వే స్టేషన్లో తిరిగే పిల్లల కోసం. ప్లాట్‌ఫారం మీద బతికిన పిల్లవాడికి స్వేచ్ఛ రుచి బాగా తెలుసు. తలుపు తాళం వేస్తే వాడు కిటికీలోంచి దూకుతాడు. అటువంటి పిల్లల మధ్య పనిచేసేవాళ్లు, వాడు తనంత తానుగా మళ్లీ వచ్చేలా ఉండటమే తమ పని అని నేర్చుకోక తప్పదు.

సేవ కాపలాగా మారడం మొదటి ప్రమాదం. ఇక రెండోది. ఇది బయటివాళ్లు పెట్టేది కాదు, లోపల మొలిచేది. ఒక బస్తీ మందిరంలో కానుకల కవర్ల మీద పేర్లు రాయించి, ఎవరెంత వేశారో మైకులో చదవడం విన్నాను. పదో వంతు తేనివాడు దేవుడి సొమ్ము దొంగిలించినట్టే అని ప్రసంగం. ముందు వరుసలో కూర్చున్న పాచిపని ఆడమనిషి కొంగు ముడి విప్పుతుంటే నాకు కడవెండి గుర్తొచ్చింది. గడీలో కొరడా ఉండేది, ఇక్కడ శాపం ఉంది. పిడికెడు బియ్యం తిరిగి వెట్టి కావడానికి ఆ మైకు చాలు. ఇటువంటి చోట్ల రెండు కాసులు వేసిన విధవరాలి కథ తప్పక చెప్తారు. మార్కు సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందున్న మాటలు చెప్పరు. విధవరాండ్ర ఇళ్లు దిగమింగేవాళ్లను యేసు తప్పుపట్టింది అక్కడే. రెండూ కలిపి చదివితే అర్థం మారిపోతుంది. ఆమె ఇచ్చినందుకు మెచ్చుకోవాలి, ఆమె దగ్గర ఉన్నదంతా ఇచ్చే పరిస్థితి తెచ్చినవాళ్లను నిలదీయాలి.

హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరం కేంద్రంగా పనిచేసిన సువార్తికుడు భక్త్‌సింగ్ దీనికి చాలా సులువైన విరుగుడు పాటించాడు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, 2000లో హైదరాబాదులో కన్నుమూసిన ఆయన, తన అవసరాలు మనుషులకు చెప్పకూడదు, డబ్బు అడగకూడదు అని నియమం పెట్టుకున్నాడు. ఇచ్చేవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు మానుకున్నారు. కూడికల్లో ప్రేమవిందుకు మాత్రం అందరూ చాపల మీద బారులు తీరి కలిసి కూర్చున్నారు. ఎడిన్‌బరోలో అజరయ్య అడిగిన చోటు ఇక్కడ చాప మీద దొరికిందనిపిస్తుంది నాకు. ఎవరూ అడగని చోట కూడా సంఘాలు వందల్లో పుట్టుకొచ్చాయంటే, ఒత్తిడి లేకపోతే కానుక ఆగిపోతుందన్న భయం ఉత్తదే.

సంఖ్యలతో కొలవడం మానుకోమని చెప్పడానికి ఇంకో కారణమూ ఉంది. మన దగ్గర ఆ సంఖ్య నిజం చెప్పదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. వాళ్లకు మన దగ్గర మిగిలింది బీసీ-సిలో ఒక్క శాతం రిజర్వేషన్. కులం వాడలోనే ఉంటుంది, కాగితం మీద మాత్రం మాయమవుతుంది. దాంతో ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. 2011 లెక్కల్లో తెలంగాణ క్రైస్తవులు నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. ఆ అంకెను పట్టుకుని పెరిగిందనో తరిగిందనో వాదించడం వృథా. తన విశ్వాసాన్ని పైకి చెప్పుకుంటే చదువూ ఉద్యోగమూ పోయే మనిషికి అక్కడా ఎన్నుకునే స్వేచ్ఛ సగమే ఉంది.

అందుకని బీదల పరిచర్య పెరిగిందా అని నన్నెవరైనా అడిగితే, మందిరం కొలతలు అడగను, సభ్యుల పట్టీ అడగను. సంచిలో బియ్యం పోయని మనిషి వచ్చే ఆదివారం ఏ వరుసలో కూర్చుందో అడుగుతాను. సాయం తీసుకుని మళ్లీ రానివాడి గురించి అక్కడ ఏం మాట్లాడుకుంటారో అడుగుతాను. కానుకల లెక్క పుస్తకం పాస్టరమ్మ పెట్టెలో ఉందా, పాచిపని చేసే ఆడవాళ్లు తెరిచి చూడగలిగే చోట ఉందా అని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు సరిగ్గా ఉంటే ఆ పదిమంది కూడిక పెరిగిందనే అంటాను, రేపు అది ఇరవై మంది కాకపోయినా సరే. జవాబు తప్పితే లక్షమంది పట్టే మందిరమైనా మా కడవెండివాళ్లకు కొత్తగా చూపించేదేమీ ఉండదు. అటువంటిది వాళ్లు ఇదివరకే చూశారు.