వాషింగ్టన్ ఇంటిపేరు ఎవరిది?

ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో, పెర్గము సంఘానికి రాసిన మాటల చివర, ఒక తెల్లరాయి సంగతి ఉంది. జయించినవాడికి ఆ రాయి దక్కుతుంది. దాని మీద కొత్త పేరు చెక్కి ఉంటుంది. పుచ్చుకున్నవాడికి తప్ప ఆ పేరు ఇంకెవరికీ తెలియదు. సండే స్కూల్లో ఈ భాగం వచ్చినప్పుడల్లా పిల్లల్లో ఎవరో ఒకరు లేచి అడుగుతారు, "మరి ఇప్పుడున్న పేరు ఏమైపోద్ది టీచర్?" అని.

చిన్న ప్రశ్న కాదది. మనిషికి పేరు ఎవరిస్తారు? ఇచ్చినవాడికి ఆ మనిషి మీద హక్కు ఉంటుందా? దేవుడు మనల్ని పేరు పెట్టి పిలుస్తాడని యెషయా చెప్పాడు, సరే. ఏ పేరు పెట్టి పిలుస్తాడు? దొర పెట్టిందా, తల్లి పెట్టిందా, మనం పెట్టుకున్నదా? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నేను ఒక ఇంగ్లీషు ఇంటిపేరు దగ్గర ఆగిపోతుంటాను. వాషింగ్టన్ అనే పేరు.

ఆ పేరు పుట్టిన ఊరు ఉత్తర ఇంగ్లండులో, సండర్లాండ్‌కి దగ్గర్లో ఉంది. మా అమ్మాయి న్యూకాజిల్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో వెళ్ళి చూశాను. మిట్ట మీద చర్చి, దాని పక్కనే పాత రాతి ఇల్లు. ఆ ఇంట్లో ఒకప్పుడు భూస్వాములుండేవాళ్ళు. తర్వాత గదుల లెక్కన అద్దెకిచ్చి పేద కుటుంబాలతో నింపారు. 1936లో కూల్చేయబోతే ఊరివాళ్ళు కొందరు పూనుకుని నిలబెట్టారు. ఇప్పుడు ఏటా జూలై 4న అక్కడ అమెరికా స్వాతంత్ర్య దినం జరుపుతారు.

12వ శతాబ్దంలో హార్ట్‌బర్న్ అనే ఊరి భూమి విలియం అనే ఆయన చేతిలో ఉండేది. ఆయన డరమ్ బిషప్‌కి ఆ భూమి ఇచ్చేసి, బదులుగా వాషింగ్టన్ తీసుకున్నాడు. 1183లో బిషప్ తన భూముల లెక్క రాయించిన బోల్డన్ బుక్‌లో ఈ మార్పిడి నమోదై ఉంది. భూమితో పాటే పేరూ మారింది. నిన్నటిదాకా హార్ట్‌బర్న్ విలియం, ఇవాళ్టి నుంచి వాషింగ్టన్ విలియం. ఆ ఊరి పేరు అంతకన్నా పాతది. హ్వాసా అనే ఎవరో ఆంగ్లో సాక్సన్ పెద్ద తాలూకు మనుషులు అక్కడ స్థిరపడడం వల్ల వచ్చిందంటారు పేర్ల చరిత్ర రాసినవాళ్ళు. ఆ హ్వాసా ఎవరో, ఏం చేశాడో ఏమీ మిగల్లేదు. విలియంకీ ఆయనకీ చుట్టరికం లేదు.

నాకు ఇక్కడే ఆగాలనిపిస్తుంది. ఈ ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి నెత్తురులో దిగి వచ్చిందని మనం అనుకుంటాం. మొదటి మనిషి దగ్గరే అది నెత్తుటి పేరు కాదు. పొలం మార్చుకుంటే వచ్చిన పేరు.

తర్వాత కథ భూముల వెంట నడిచింది. ఒక శాఖ లాంకషైర్‌లోని వార్టన్‌కి పోయింది. అక్కణ్ణించి వచ్చిన లారెన్స్ వాషింగ్టన్ నార్తాంప్టన్‌లో ఉన్ని వ్యాపారం చేసి మేయరయ్యాడు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించి వాటి భూములు అమ్ముతున్నప్పుడు, 1539లో, ఒక మఠానికి చెందిన సల్‌గ్రేవ్ భూమిని ఆయన కొన్నాడు. ఆ వంశంలోనే ఇంకో లారెన్స్ ఎసెక్స్‌లోని పర్లీలో చర్చి గురువు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షం వాడని అనుమానం. 1643లో తాగుబోతని నింద వేసి ఆయన్ను పదవి నుంచి వెళ్ళగొట్టారు. ఆస్తి పోయిన ఆ ఇంటి కొడుకు జాన్, 1650ల చివర్లో ఓడెక్కి వర్జీనియా చేరాడు. ఆ జాన్ మునిమనవడే జార్జ్ వాషింగ్టన్.

జార్జ్‌కి పిల్లల్లేరు. 1799 డిసెంబరులో ఆయన పోయేనాటికి మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. వాళ్ళలో 123 మంది ఆయన సొంతం. తన భార్య పోయాక వాళ్ళను విడిచిపెట్టాలని వీలునామాలో రాశాడు. ఆమె అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న విడిచిపెట్టింది. ఆయన రాయించిన జాబితాల్లో బానిసలకి ఇంటిపేర్లు దాదాపు కనిపించవు. ఒక్క పేరు, పక్కన ఏ పనివాడో, ఎవరి భార్యో, ఎన్నేళ్ళవాడో. తర్వాతి కాలంలో అది కూడా పోయింది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు వేరుగా రాశారు. వాటిలో యజమాని పేరుంటుంది. కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు. మనిషి పేరు రాయలేదు. సంఖ్యాకాండంలో మోషే జనాన్ని లెక్కపెట్టినప్పుడు గోత్రాల వారీగా, పేరు పేరునా రాయమన్నాడు దేవుడు. ఆ గ్రంథం చేతబట్టుకుని ఆదివారం గుడికి పోయినవాళ్ళే ఈ లెక్కలూ రాయించారు. ఇది నేను సులువుగా దాటలేని సంగతి.

బానిసల విడుదల తర్వాత, 1870 లెక్కల్లో, వాళ్ళందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా మొదటిసారి కాగితం మీదికొచ్చాయి. వేలమంది వాషింగ్టన్ అని రాయించుకున్నారు. కొందరి పూర్వీకులు ఆ వంశం వాళ్ళ తోటల్లో పనిచేసినవాళ్ళే. చాలామందికి ఆ వంశంతో ఏ సంబంధమూ లేదు. 2000 నాటి లెక్కల్లో అమెరికాలో ఆ ఇంటిపేరున్నవాళ్ళు 1,63,036 మంది. వాళ్ళలో నూటికి 90 మంది నల్లవాళ్ళు. డరమ్ బిషప్ దగ్గర మొదలైన పేరు ఇప్పుడెవరిదంటే, లెక్క ప్రకారం, వాళ్ళదే.

"పేరుదేముందండీ, పిలుపు కోసం పెట్టుకున్న గుర్తే కదా" అనేవాళ్ళున్నారు. మిలింద మహారాజుతో బౌద్ధ భిక్షువు నాగసేనుడు అన్నది కూడా అదే: నాగసేనుడనేది వాడుక మాత్రమే, ఆ పేరు వెనక విడిగా ఒక మనిషి దొరకడు, ఇరుసూ చక్రాలూ విడదీస్తే రథం దొరకనట్టే. గొప్ప వాదన, కాదనను. కాకపోతే నాగసేనుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరుంది. రాజు దాన్ని అడిగి తెలుసుకుని మరీ మర్యాదగా మాట్లాడాడు. వయసూ రంగూ మాత్రమే రాసుకున్న ఆ పట్టీల్లో ఉన్నవాళ్ళకి పేరు వాడుక మాత్రమేనని ఎవరు చెప్పగలరు? పేరు వదులుకోవాలంటే ముందు అది ఉండాలి.

బుకర్ టి. వాషింగ్టన్ 1901లో ప్రచురించిన ఆత్మకథని నేను మా బడిలో పై తరగతుల పిల్లలకి కథగా చెప్పేదాన్ని. 1856లో వర్జీనియాలో బానిస తల్లికి పుట్టాడు. తండ్రెవరో తెలియదు. విడుదలయ్యాక తల్లితో, తోబుట్టువులతో వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్‌కి వెళ్ళాడు. మారుతండ్రి అక్కడ ఉప్పు బట్టీలో పనిచేసేవాడు. ఉప్పు పీపాలు నింపేవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో అంకె. మారుతండ్రిది 18. సాయంత్రం మేస్త్రీ వచ్చి పీపాల మీద ఆ అంకె వేసి పోయేవాడు. బుకర్ జీవితంలో మొట్టమొదట గుర్తుపట్టిన అక్షరం ఏదైనా ఉందంటే అది ఆ 18. తన పేరులో మొదటి అక్షరం కూడా ఇంకా రాదు.

తర్వాత బడి. పంతులు హాజరు పిలుస్తున్నాడు. అందరికీ రెండు పేర్లున్నాయి, కొందరికి మూడు. ఈ పిల్లవాడికి ఒక్కటే, బుకర్. తన వంతు వచ్చేలోపల ఏదో ఒకటి చెప్పాలి. వంతు వచ్చింది. బుకర్ వాషింగ్టన్ అన్నాడు, పుట్టినప్పటి నుంచీ అదే పేరన్నంత నిదానంగా. ఆ పేరే ఎందుకన్నాడో పుస్తకంలో రాయలేదు. మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గుసన్, బహుశా చెవిలో అదే ఉండి ఉంటుంది. తల్లి తనకి టాలియఫెరో అని ఇంకో పేరు కూడా పెట్టిందని తర్వాత తెలిసి, దాన్నీ మధ్యలో చేర్చుకున్నాడు. తన పేరు తనే పెట్టుకునే భాగ్యం మన దేశంలో ఎంతమందికుంది అని సంతోషంగానే రాసుకున్నాడు.

ఈ కథ విని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగారు, "యాకోబు తండ్రి దగ్గరికి పోయి నేను ఏశావునని చెప్పినట్టు కాలేదా అమ్మా ఇది?" అని. ఆ మాట చాలా రోజులు మనసులో తిరిగింది. నాకు కుదిరిన జవాబు ఇది. యాకోబు ఏశావు పేరు చెప్పింది ఏశావు వాటా తీసుకోవడానికి. బుకర్ ఎవరి వాటా తీసుకోలేదు. వాటా పోయింది ఆయన తల్లిది, ఆమె తల్లిది. ఎన్నో తరాల కూలి దోచుకున్న ఇళ్ళ పేర్లలో ఒకటి పెట్టుకున్నాడు, దాంతో పాటు గజం భూమి కూడా రాలేదు. విలియంకి పేరుతో పాటు ఊరొచ్చింది. బుకర్‌కి పేరొక్కటే వచ్చింది, దానికి తగ్గ బతుకు ఆయనే కట్టుకున్నాడు. 1881లో టస్కీగీలో బడి మొదలుపెట్టాడు. యబ్బోకు రేవు దగ్గర యాకోబు రాత్రంతా పెనుగులాడాక "నీ పేరేమిటి" అని అడిగిన స్వరం ఆ హాజరు పిలుపులోనూ ఉందని నా నమ్మకం.

నేనింత పట్టుదలగా మాట్లాడడానికి మా నాయనమ్మ కారణం. ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు పోలేరమ్మ. ఊళ్ళో ఆ పేరు పూర్తిగా పలికినవాళ్ళు లేరు. కామందుల వాకిట్లో పోలి, కోపమొస్తే ఒసే. మా ప్రాంతంలో అప్పటికే మిషన్లు పాతబడ్డాయి. గుంటూరుకి హెయర్ దొరగారు 1842లోనే వచ్చారు. ఒంగోలు వైపు గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ధాత కరువు తర్వాత. మా పల్లెకి ఆ గాలి తర్వాతి తరంలో వచ్చింది. బాప్తిస్మం రోజున అయ్యగారు "రూతమ్మా" అని పిలిచారట. పల్లెవాళ్ళు కాని ఒక పెద్దమనిషి నోట తన పేరు చివర అమ్మ అని వినడం అదే మొదలని చెప్పేది. రూతు ఎవరో ఆమెకి తర్వాత తెలిసింది. పరాయి దేశం నుంచి వచ్చి, కోత చేలో పరిగె ఏరుకున్న విధవరాలు. మా నాయనమ్మా పరిగె ఏరింది. ఆ పేరు అమెరికా నుంచి వచ్చిన దొరల పుస్తకంలోది అని నేను చిన్నతనంలో వాదించాను. ఆమె నవ్వి, "నన్ను పిలిస్తే పలికాను, ఇంకెవరిదవుద్ది" అంది.

మాకు ఇంటిపేరు అలాగే ఉండి, సొంత పేరు మారింది. అమెరికా బానిసలకి సొంత పేరు ఉండి, ఇంటిపేరు లేకుండా పోయింది. పోలిక అంతవరకే. కానీ పేరు చుట్టూ ఉండే నొప్పి మాకూ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. అందుకని మా ఇళ్ళల్లో ఎంతోమంది బడి రిజిస్టరులో ఒక పేరుతో, గుడి రిజిస్టరులో ఇంకో పేరుతో బతుకుతున్నారు. సమాధి రాయి దగ్గరికి వచ్చేసరికి ఏది చెక్కించాలన్న తగువు నేను కళ్ళారా చూశాను. ప్రభుత్వం మనిషిని తన దేవుడి ఎదుట ఒక పేరుతో, తన ఎదుట ఇంకో పేరుతో నిలబడేలా చేయడం అన్యాయం.

బుకర్ దారి ఒప్పుకోనివాళ్ళ మాట కూడా నేను తోసిపుచ్చను. 1925లో ఒమాహాలో ఒక బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టిన మాల్కమ్ లిటిల్, 1952లో జైలు నుంచి వచ్చి లిటిల్ తీసేశాడు. అది మా తాతల్ని కొన్నవాడి పేరు, నా అసలు పేరు ఆఫ్రికాలో పోయింది, అది నాకు తెలియదు అన్నాడు. తెలియనిదానికి గుర్తుగా ఎక్స్ పెట్టుకున్నాడు. ఆయన అప్పుడు చేరిన మతసంఘం చెప్పేదేమంటే, దేవుడే తిరిగొచ్చి తన నోటితో అసలు పేరు పెట్టేదాకా ఆ ఎక్స్ ఉండాలని. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పెర్గము సంఘానికి రాసిన తెల్లరాయి ఇదే కదా! ఒక బోధకుడి కొడుకు ముస్లింగా మారి, తండ్రి చదివిన బైబిల్లోని ఆ ఖాళీ రాయినే మెడలో వేసుకుని తిరిగాడు. 1964లో హజ్ చేశాక ఆయన ఎల్ హజ్ మాలిక్ ఎల్ షబాజ్ అయ్యాడు. లోకం మాత్రం ఆ ఎక్స్‌నే గుర్తుపెట్టుకుంది.

మాల్కమ్ కోపం న్యాయమైనదే. అయినా వాషింగ్టన్ అని రాయించుకున్నవాళ్ళను దొర నీడలో ఉండిపోయినవాళ్ళుగా చూడడం నాకు ఒప్పదు. విడుదలైనవాళ్ళు ఎంచుకున్న ఇంటిపేర్లు చాలాసార్లు ఆఖరి యజమాని పేర్లు కావని, యజమానికి తెలియకుండా తమలో తాము ముందు నుంచే వాడుకుంటున్నవని చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ 1976లో తన పుస్తకంలో చూపించాడు.

హ్యారీ సంగతి చూడండి. గాంబియా ప్రాంతంలో పుట్టి, బానిసగా అమ్ముడై, మౌంట్ వెర్నన్ చేరాడు. 1776లో, తన యజమాని స్వేచ్ఛ కోసం యుద్ధం చేస్తుండగా, హ్యారీ తప్పించుకుని బ్రిటిష్ వాళ్ళ వైపు వెళ్ళాడు. యుద్ధం ముగిశాక, 1783 మేలో, పారిపోయినవాళ్ళను తిరిగి అప్పజెప్పమని జనరల్ వాషింగ్టన్ బ్రిటిష్ సేనాని కార్ల్‌టన్‌ని స్వయంగా అడిగాడు. కార్ల్‌టన్ ఒప్పుకోలేదు. ఆ వేసవిలో నోవా స్కోషియాకి ఓడలెక్కిన నల్లవాళ్ళ పేర్లను న్యూయార్క్‌లో పుస్తకంలో రాశారు. 43 ఏళ్ళవాడు, జనరల్ వాషింగ్టన్ దగ్గర నుంచి ఏడేళ్ళ కిందట వచ్చేశాడు అని ఉన్నచోట, పేరు హ్యారీ వాషింగ్టన్.

నోవా స్కోషియాలో బతుకు కుదరక 1792లో సియెర్రా లియోన్ వెళ్ళినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. అక్కడ ఫ్రీటౌన్‌ని నడిపించే కంపెనీ లండన్‌లో ఉండేది. భూమికి శిస్తు కట్టమంది, తమ పాలన తామే చేసుకుంటామంటే వద్దంది. 1800లో వలస వచ్చినవాళ్ళు తిరగబడ్డారు. ఓడిపోయాక హ్యారీని విచారించి, తోటివాళ్ళతో కలిపి బులమ్ తీరానికి వెళ్ళగొట్టారు. అక్కడ వాళ్ళకి నాయకుల్లో ఒకడయ్యాడు. జార్జ్ వాషింగ్టన్ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. లండన్‌కి శిస్తు కట్టనని నిలబడ్డ వాషింగ్టన్ ఆ ఏడు ఒక్కడే, అతను హ్యారీ.